పాఠశాలయందు స్నేహధర్మము

తల్లిదండ్రులను, తోబుట్టువులను మనము కోరి యెన్నుకొనలేము, వారు దైవదత్తులు. స్నేహితుని మాత్రము మనమే యెన్నుకొందుము. ఆ యెన్నికను మొట్టమొదట నేర్చు చోటు పాఠశాల. ఒక్క బల్లపై గూర్చుండి యొక్క పాఠమును చదువువారిలో నొకడు ధనికుడు, మరియొకడు పేద. ఒకడు చురుకైనవాడు, మరియొకడు మందమతి. తరగతిలో నీ భేదములు తోచకుండవచ్చును. పాఠశాల విడిచిన పిమ్మట నా స్నేహము నిలుచునా యనునదియే నిజమైన పరీక్ష.

ఇట్టి సహాధ్యాయుల కథలు మన ప్రాచీన గ్రంథములలో రెండు గలవు. ద్రోణుడును ద్రుపదుడును భరద్వాజుని యాశ్రమమున గలసి చదివి, కలసి యాడుకొనిరి. పిదప ద్రుపదుడు పాంచాలరాజయ్యెను. ద్రోణుడు దరిద్రుడై యాతనియొద్దకు బోయి తాను చిన్ననాటి మిత్రుడనని చెప్పుకొనగా, రాజునకును పేదకును మైత్రి యెక్కడిదని ద్రుపదుడు పరిహసించెను. ఆ యొక్క మాటకు ఫలమేమి? ద్రోణుడు శిష్యుడైన యర్జునునిచే నాతని బట్టి తెప్పించి యర్ధరాజ్యమును గైకొనెను. ద్రుపదుడు ద్రోణుని జంపగల కుమారునికై యజ్ఞము చేసెను. తుదకు కురుక్షేత్రమున ద్రుపదుడు ద్రోణునిచేతను, ద్రోణుడు ద్రుపదుని కుమారుడగు ధృష్టద్యుమ్నునిచేతను మడిసిరి.

శ్రీకృష్ణుడును కుచేలుడును సాందీపనియొద్ద విద్యనభ్యసించిరి. కట్టెలకై యడవికి బోయి గాలివానలో జిక్కి, రాత్రియెల్ల నొకరిచేయి యొకరు పట్టుకొని తిరిగిరి. పెక్కేండ్లకు కుచేలుడు చినిగిన వస్త్రములతో ద్వారకకు బోగా, కృష్ణుడు పాదములు గడిగి, శయ్యపై గూర్చుండబెట్టి, యా వాననాటి ముచ్చటను తానే యెత్తెను. కుచేలుడు సిగ్గుచే దాచిన యటుకులను తానే తీసికొని పిడికెడారగించెను. సంపద నిచ్చుటకు ముందు స్నేహితుని సిగ్గును దీర్చెనని గ్రహింపుడు. ఫీజు చెల్లింపలేని వానికో, మధ్యాహ్నము భోజనము దెచ్చుకొనని వానికో సాయపడునపుడు నలుగురిలో జాటుట దానము కావచ్చును గాని స్నేహము కాదు.

ఇక పరిశుద్ధ గ్రంథమున యోనాతాను చరిత్రము చూడుడు. అతడు సౌలు రాజునకు కుమారుడు. దావీదు కీర్తి పెరిగినకొలది తన సింహాసనమునకు ముప్పని యెరిగియు నతడు అసూయపడక, తన వస్త్రమును ఆయుధములను దావీదునకిచ్చెను. దావీదు లేనిచోట తండ్రి యెదుట నాతని పక్షమున మాటాడెను. అందులకు తండ్రి విసరిన యీటెకు గురికాబోయెను. తరగతిలో మొదటి స్థానము స్నేహితునికి దక్కినప్పుడు మన మనస్సెట్లుండునో, అతడు లేనిచోట నాతని నెగతాళి చేయుచుండ మనము నవ్వుదుమో, అడ్డుపడుదుమో యోచించుకొనవలయును.

స్నేహమును చెరచునది చాడి. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రభేదమున దమనకుడను నక్క సింహమునకును వృషభమునకును నడుమ మాటలు మోసి విరోధము గల్పించెను. ఆ యిరువురిలో నెవ్వరైనను రెండవవానిని దిన్నగా నడిగియుండినయెడల నంతటి యనర్థము రాకపోవును. కావున స్నేహితుని గూర్చి చెడ్డమాట చెవిని బడినపుడు, దానిని పదుగురకు జెప్పక ముందాతనినే యేకాంతమున నడుగుడు.

అయిననెల్ల విషయములందును స్నేహితుని మాటకు దలయూపుట మైత్రి కాదు. కర్ణుడు దుర్యోధనునికై ప్రాణమిచ్చెను. కాని యధర్మము చేయుచున్నప్పుడాతని వారింపక, ద్యూతసభలో తానును బరుషములాడెను. ఆ విశ్వాసము దుర్యోధనుని రక్షింపలేదు. పరీక్షలో జవాబు చూపుమని మిత్రుడడిగినచో నిరాకరించి, ముందునాటి సాయంకాలము కూర్చుండి యా లెక్కను నేర్పుటయే నిజమైన యుపకారము.

రహస్యముల విషయమును నిట్టిదే. స్నేహితుడు నమ్మి చెప్పిన యింటి కష్టమును పైకి జెప్పరాదు. కాని యెవ్వరైన నాతని గొట్టుచున్నను, భయపెట్టుచున్నను, అతడు తన ప్రాణమునకే కీడు దలచుచున్నను, ఎవరితో జెప్పవద్దని బ్రతిమాలినప్పటికిని, నమ్మదగిన యుపాధ్యాయునికో పెద్దలకో వెంటనే తెలుపవలయును. అతడు కొన్నాళ్లు కోపగింపవచ్చును. కోపము తీరును, పోయిన ప్రాణము తిరిగిరాదు.

బాలబాలికలారా, మీ తరగతిలో నెవ్వరితోను గలియక యొంటరిగా గూర్చుండువాడొకడుండవచ్చును. అతడు క్రొత్తగా వచ్చినవాడో, మాట తడబడువాడో, జబ్బుపడి పాఠములు వెనుకబడినవాడో. రేపు మీరు వాని ప్రక్కన గూర్చుండుడు, వ్రాతపుస్తకమును చూపుడు, ఆటకు బిలువుడు. స్నేహధర్మమును నేర్చుటకింతకంటె సులభమగు మొదటి పాఠము లేదు.