పాఠం 14: అభిప్రాయం - ఆధారం

గత పాఠంలో ఒక విషయాన్ని ఉన్నది ఉన్నట్లు వర్ణించడం నేర్చుకున్నారు. ఈ పాఠంలో మరో మెట్టు ఎక్కుదాం. ఇది చదివిన తరువాత మీరు ఒక మాట విన్నప్పుడు అందులో వాస్తవం ఎంత, అభిప్రాయం ఎంత, విన్న కబురు ఎంత అని విడదీసి చెప్పగలుగుతారు. మీ సొంత అభిప్రాయాన్ని ఆధారంతో రాయగలుగుతారు. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. కొన్ని లెక్కలు ఉన్నాయి.

దక్షిణ ఢిల్లీలో కటవారియా సరాయ్ అనే ఊరుంది. సరాయ్ అంటే బాటసారులు బస చేసే సత్రం. నగరం పెరిగి ఊరిని చుట్టేసింది. ఒక పక్క ఐ.ఐ.టి., మరో పక్క జె.ఎన్.యు., దగ్గరలోనే కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియా ఆఫీసులు. ఇరుకు సందుల్లో నాలుగైదు అంతస్తుల ఇళ్లు, ఇంటినిండా అద్దె గదులు. పోటీ పరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలు కూడా ఈ గదుల్లో ఉంటారు. అలాంటి ఒక విద్యార్థి, పక్క గదిలో ఉండే ఆఫీసు అటెండరు మాట్లాడుకుంటున్నారనుకోండి. ఈ సంభాషణ పాఠం కోసం మేము రాసినది. విద్యార్థిది ఖమ్మం, అటెండరుది శ్రీకాకుళం.

"ఢిల్లీలో కరెంటు ఫ్రీ అట కదన్నా! నాకు మాత్రం ఈ నెల ఏడు వందల ఇరవై వచ్చింది."

"ఫ్రీగా ఇస్తే అంతే తమ్ముడూ. అందరూ లైట్లు ఆపకుండా వదిలేస్తారు. పన్ను కట్టి ఆ భారం మోసేది మాత్రం నాలాంటి జీతగాళ్లు."

"నాకింకా ఉద్యోగమే లేదు. నేను పన్నే కట్టను, నన్నెందుకంటావు?"

నాలుగైదు మాటలే. కాని కరెంటు, పన్ను, ఆదాయం మూడూ వచ్చేశాయి. ఒక్కొక్క మాటను పట్టుకుని చూద్దాం.

మొదట "ఫ్రీ అట" అన్న మాట గమనించండి. "ఫ్రీ" అంటే చెప్పేవాడు తన పూచీ మీద చెబుతున్నాడు. "అట" చేర్చగానే పూచీ ఇంకొకరి మీదికి పోతుంది. తెలుగులో ఇది రెండక్షరాల సౌకర్యం. వార్తను వార్తగా, అనుభవాన్ని అనుభవంగా విడదీస్తుంది. విద్యార్థి రెండో వాక్యంలో "అట" లేదు, ఎందుకంటే డబ్బు కట్టింది తానే.

మరి రెండింటిలో ఏది నిజం? రెండూ నిజమే. 2019 ఆగస్టులో ఢిల్లీ ప్రభుత్వం నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు బిల్లు లేకుండా చేసింది. 201 నుంచి 400 వరకు వాడేవారికి సగం రాయితీ ఇచ్చింది. 2022 అక్టోబరు నుంచి కావాలని అడిగినవారికే ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే ఈ లెక్క మీటరును బట్టి ఉంటుంది, మనిషిని బట్టి కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక ఇంట్లో పది గదులు, గదికి నెలకు 80 యూనిట్లు అనుకుందాం. గదికొక సొంత కనెక్షను ఉంటే ప్రతి గదీ 200 లోపే, రాయితీ అడిగితే బిల్లు సున్నా. కాని ఇంటికంతటికీ ఒకటే కనెక్షను, గదులకు యజమాని పెట్టిన సబ్ మీటర్లు ఉంటే మొత్తం 800 యూనిట్లు అవుతుంది. రాయితీ పోయింది. 2019 నాటి రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 3 రూపాయల చొప్పున 600, తరువాతి 200కు నాలుగున్నర చొప్పున 900, మిగిలిన 400కు ఆరున్నర చొప్పున 2,600. మొత్తం 4,100 రూపాయలు. దీనిపై స్థిర చార్జీలు, సర్‌చార్జీలు, విద్యుత్ పన్ను అదనం. యజమాని యూనిట్‌కు 9 రూపాయలు తీసుకుంటే పది గదులూ కలిపి అతనికి ఇచ్చేది 7,200. మన విద్యార్థి చెప్పిన 720 ఇలా వచ్చినదే.

అతని తల్లి ఖమ్మంలో ఉంటుంది. తెలంగాణలో 2024 మార్చిలో గృహజ్యోతి కింద అర్హత గల ఇళ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు మొదలైంది. ఆమెకు అది వస్తుంటే "కరెంటు ఫ్రీ" అన్న మాట ఆమెకు వాస్తవం, కొడుకుకు కబురు. 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం అద్దెకుండేవారి కోసం ప్రత్యేకంగా ప్రీపెయిడ్ మీటరు పథకం ప్రకటించింది. యజమాని సమ్మతి పత్రం అక్కరలేదు, అద్దె ఒప్పందమో రసీదో చూపాలి అన్నది. అద్దెకు రసీదే ఇవ్వని ఇంట్లో ఆ కాగితం ఎక్కడినుంచి తేవాలి?

ఇక అటెండరు మాట. "అందరూ ఆపకుండా వదిలేస్తారు." ఇందులో "అందరూ" అన్న మాట కింద గీత గీయండి. ఎంతమందిని చూసి అన్నాడు? కొందరు వదిలేయవచ్చు. అయితే 200 యూనిట్లు దాటితే సున్నా బిల్లు పోతుంది కాబట్టి, నెలాఖరులో మీటరు చూసుకుని జాగ్రత్తపడేవారు కూడా ఉంటారు. "కొందరు" అని ఉంటే ఆ మాటతో ఎవరికీ పేచీ ఉండదు.

వృథా అనేది మనిషి అలవాటొక్కటే కాదు, వస్తువు కూడా. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను అంతే తిరిగితే 11 లోపు. తేడా 16 యూనిట్లు, తొమ్మిది రూపాయల లెక్కన 144 రూపాయలు. మరి కొత్త ఫ్యాను ఎందుకు పెట్టరు? ఫ్యాను కొనవలసింది యజమాని, బిల్లు కట్టేది అద్దెకుండేవాడు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది. ఈ సంగతి తెలియకుండా "మనవాళ్లకు కొత్త సాంకేతికత అంటే పడదు" అనడం తొందరపాటు.

"నేను పన్నే కట్టను" అన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. అతను కట్టనిది ఆదాయపు పన్ను. కొత్త పద్ధతిలో 2025-26 నుంచి ఏడాదికి 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి జీతంపై పన్ను పడదు. కాబట్టి అటెండరు కూడా దాన్ని కట్టకపోవచ్చు! కాని ఇద్దరూ జి.ఎస్.టి. కడుతున్నారు. మొబైల్ ఫోనుపై అది 18 శాతం. 11,800 పెట్టి ఫోను కొంటే అందులో 1,800 పన్నే. సబ్బు, టూత్‌పేస్టులపై 2025 సెప్టెంబరు 22న 18 నుంచి 5 శాతానికి తగ్గింది కాని పోలేదు. జీతం చీటీలో కనిపించే పన్ను గుర్తుంటుంది, ధరలో కలిసిపోయినది గుర్తుండదు.

కరెంటు మీద అభిప్రాయాలు మనకు కొత్త కాదు. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా హైదరాబాదులో జరిగిన ప్రదర్శనపై బషీర్‌బాగ్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు మరణించారు. 2004 మేలో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అది మంచిదా కాదా అన్న వాదన నేటికీ ఆగలేదు. మీరు ఏ పక్షమైనా తీసుకోవచ్చు. పరీక్షలో మార్కులు పక్షానికి కావు, ఆధారానికి.

అభ్యాసం

1. సంభాషణను మళ్లీ చదవండి. వాస్తవం, అభిప్రాయం, విన్న కబురు అని మూడు వరుసలుగా రాయండి.

2. "అందరూ", "ఎవరూ", "ఎప్పుడూ" అన్న మాటలతో ఈ వారం మీరు విన్న మూడు వాక్యాలు రాసి, "కొందరు", "ఒక్కోసారి" పెట్టి మార్చండి.

3. మీ గదిలోని ఒక్కొక్క పరికరంపై రాసి ఉన్న వాట్లు చూసి, నెలకు ఎన్ని యూనిట్లు అవుతుందో లెక్క కట్టండి. మీరు కట్టిన బిల్లుతో పోల్చండి. తేడా ఉంటే, ఆ లెక్క చూపుతూ యజమానికి మర్యాదగా పది వాక్యాల ఉత్తరం రాయండి.