కౌన్సిల్ ఇళ్ళు ఎవరి చేతిలో ఉండాలి?



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వాన పడితే మా హాస్టల్ గది కప్పు కారేది. వార్డెన్ గారిని అడిగితే "పైకి రాశాం" అనేవారు. పైవారు వచ్చినప్పుడు అడిగితే "నిధులు రాలేదు" అనేవారు. బాగుచేయవలసింది ఎవరో మాకు చివరిదాకా తెలియలేదు. మా ఇంట్లో డిగ్రీ దాటి వచ్చింది నేనొక్కడినే. పి.జి.లో బ్రిటన్ కౌన్సిల్ ఇళ్ళ పాఠం చదువుతుంటే ఆ కప్పే గుర్తొచ్చింది.

కౌన్సిల్ ఇల్లు అంటే ఏమిటి?

మన ఊళ్ళో ప్రభుత్వం ఇల్లిస్తే పట్టా మన పేర వస్తుంది. మరమ్మతు మనదే. బ్రిటన్‌లో మన మున్సిపాలిటీ వంటి స్థానిక కౌన్సిల్ ఇల్లు కట్టి, తానే యజమానిగా ఉండి, తక్కువ అద్దెకు ఇస్తుంది. 1919 నాటి ఆడిసన్ చట్టంతో ఇది పెద్ద ఎత్తున సాగింది.

బదిలీ ఎందుకు?

1988లో చిల్టర్న్ కౌన్సిల్ తన ఇళ్ళను హౌసింగ్ అసోసియేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించింది. తరువాత చాలా కౌన్సిళ్ళు అదే దారి పట్టాయి. కారణం డబ్బు. కౌన్సిల్ అప్పు చేస్తే ప్రభుత్వ అప్పు కింద లెక్క, దానికి పరిమితి ఉండేది. అసోసియేషన్ బ్యాంకుల నుండి తెచ్చే అప్పుకు ఆ అడ్డు లేదు. ఆ సొమ్ముతో పాత ఇళ్ళు బాగుచేయవచ్చు.

అయితే ముందు అద్దెదారుల ఓటు తీసుకునేవారు. 2002లో గ్లాస్గో వారు సరేనన్నారు. 2003లో సుమారు 80 వేల ఇళ్ళు చేతులు మారాయి. అదే 2002లో బర్మింగ్‌హామ్‌లో ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు.

రెండు దుర్ఘటనలు

2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. అది కౌన్సిల్ భవనమే, నిర్వహణ మాత్రం వేరే సంస్థది. 2020లో రోచ్‌డేల్‌లో బూజు పట్టిన ఫ్లాటులో ఉంటూ రెండేళ్ళ బిడ్డ చనిపోయాడు. అది 2012లో కౌన్సిల్ ఇళ్ళను తీసుకున్న సంస్థది. రెండు చోట్లా ముందే ఫిర్యాదులు చేశారు. విన్నవారు లేరు.

నా అభిప్రాయం

కౌన్సిల్ తన ఇళ్ళను తానే ఉంచుకోవాలి. ఇంగ్లండులో కౌన్సిళ్ళ గృహ రుణ పరిమితిని 2018లో ఎత్తివేశారు కనుక బదిలీకి పాత కారణం బలహీనపడింది. పని చేయని కౌన్సిలర్‌ను అద్దెదారుడు ఓటుతో దించగలడు. అసోసియేషన్ బోర్డును అలా దించలేడు. కానీ గ్రెన్‌ఫెల్ చెప్పినట్లు యాజమాన్యం ఒక్కటే చాలదు, గడువు కూడా కావాలి. 2023 చట్టాన్ని అనుసరించి ప్రమాదకరమైన తేమ, బూజును నిర్ణీత గడువులో సరిచేయాలనే నియమం 2025 అక్టోబరులో ఇంగ్లండులో అమలులోకి వచ్చింది. అది కౌన్సిల్‌కూ, అసోసియేషన్‌కూ ఒకటే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ హాస్టల్లో కప్పు కారితే నోటిమాటతో వదిలేయకండి. కాగితం మీద రాసి, తేదీ వేసి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అని అడగండి. మేము ఆ రెండో ప్రశ్న అడగలేదు.