ధవళేశ్వరపు గట్టున జరిగిన పనులు

గోదావరి రాజమహేంద్రవరము దాటి కొలదిమైళ్లు దిగువకు వచ్చి ధవళేశ్వరమువద్ద గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలుచున్నది. ఆ తావున నదినడుమ లంకలు గలవు; ఒడ్డున రాతికొండ కలదు. ఈ రెండు సంగతులను విద్యార్థులు మొదట గుర్తుంచుకొనవలెను. తరువాత నచ్చట జరిగిన పనులన్నియు వీనినుండియే పుట్టినవి.

1833వ సంవత్సరపు కరవులో నీ సీమ జనులు వేలకొలది మడిసిరి. గోదావరినీరు మాత్రము ఏటేట సముద్రముపాలగుచుండెను. ఆర్థరు కాటనుదొర ఈ తావును పరిశీలించి, లంకల నాధారము చేసికొని నాలుగు ముక్కలుగా ఆనకట్ట గట్టవచ్చునని తలంచెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసెను.

ఆనకట్టయనగా చెరువుకట్టవంటిదని మా తరగతిలో పలువురు వ్రాయుచుందురు. అది పొరపాటు. నీటిని నిలువచేయుట దాని పనికాదు. నదీమట్టమును కొంత పైకెత్తి నీటిని కాలువలలోనికి మరల్చుటయే దాని పని. వరదనీరు దానిమీదుగా పొర్లిపోవును.

ఆ యేండ్లలో గట్టంతయు నొక కార్ఖానాయే. కొండరాతిని పగులగొట్టువారు, దానిని రేవునకు చేర్చువారు, సున్నము కాల్చువారు, కొలిమి యూదువారు, వడ్రంగులు వేలకొలది యచ్చట పాటుపడిరి. పని ముగిసినను కొలుములు చల్లారలేదు. తలుపులకును లాకులకును మరమ్మతు ఎప్పుడును కావలసియుండెను గదా!

కాలువలు పొలమునకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నయ్యెను. పల్లమునకు దిగుటకు లాకులుండెను. గాలి లేనప్పుడు పడవవాండ్రు గట్టున నడచుచు త్రాళ్లతో పడవలను లాగుచుండిరి. కాకినాడనుండి ధవళేశ్వరము, ఏలూరు, బెజవాడలమీదుగా బకింగుహాము కాలువ చేరి చెన్నపట్టణమువరకు నీటిమీదనే పోవ వీలుండెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద 56 ఖానాల రైలువంతెన తెరువబడెను. మూటలు క్రమముగా రైలెక్కినవి. లారీలు వచ్చినపిదప పడవవాని కూలి మరింత తగ్గెను. రైలును మేము నిందింపము. కాని ఒకరికి కలిగిన సౌకర్యము మరియొకరి అన్నమును తీసికొనిపోయినదని చరిత్రపుస్తకములలో ఒక వాక్యమైన నుండవలెను. ఆ వంతెనకును 1997లో విశ్రాంతి లభించెను.

పాత ఆనకట్ట నూరేండ్లకు మించి పనిచేసి వరదల తాకిడికి బలహీనపడెను. 1970లో ఆరంభించి 1982లో కొత్త బ్యారేజి ముగించిరి. దానికి 175 ఇనుపతలుపులు గలవు: ధవళేశ్వరమువైపు 70, ర్యాలివైపు 43, మద్దూరువైపు 23, విజ్జేశ్వరమువైపు 39. సుమారు పదిలక్షల యెకరములు దానివలన తడియుచున్నవి. దానికి కాటనుదొర పేరే పెట్టిరి.

ఆనకట్ట పనిలో వాడిన పాతయంత్రములు కాటను ప్రదర్శనశాలయొద్ద నిలిపియున్నవి. మేము పిల్లలతో నచ్చటికి పోయినప్పుడు ఒక బాలుడు వానిని త్రిప్పినవారి పేర్లేమని యడిగెను. దొరకు కుడిభుజమైయుండిన వీణము వీరన్నగారి పేరు చెప్పితిమి. తక్కినవారి పేర్లో యని వాడు మరల నడిగెను. మాకు తెలియవంటిమి.