ఒత్తుని సాఫ్ట్‌వేర్ సరిచేయదు

మొదటిసారి స్టూడియోకి వెళ్ళి స్తోత్రం పాడబోతున్నారా? ముందు మన ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ వినండి. తెనాలి దగ్గర మోపర్రులో 1921లో పుట్టారాయన. తెలుగు సినిమాల్లో తొలితరం నేపథ్య గాయకుడు. పుస్తకం ముందు పెట్టుకుని, ఆయన ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత మీ స్తోత్రానికీ అలాగే పెట్టుకోండి. ఊపిరి చాలక సమాసం మధ్యలో తెగితే అర్థమే మారిపోవచ్చు.

శ్రుతి కొంచెం జారితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది (రోజూ కోడ్ రాసేవాణ్ణి, నమ్మండి). కానీ "భయం" బదులు "బయం" అన్నారనుకోండి, మళ్ళీ పాడాల్సిందే. గుళ్ళో అయితే గంటల మోతలో కలిసిపోతుంది. రికార్డింగ్‌లో ఉండిపోతుంది, అది విని నేర్చుకునే పిల్లల నోటికీ వచ్చేస్తుంది. అందుకే ఇంట్లోనే ఫోన్‌లో రికార్డ్ చేసి, స్తోత్రం బాగా తెలిసిన పెద్దవాళ్ళకి వినిపించండి. స్టూడియోలో గంటకింత అని లెక్క నడుస్తుంటే ఇవన్నీ కుదరవు.

మీ శ్రుతి ఒకటిన్నరా, ఐదా అన్నది ఇంజనీర్‌కి ముందురోజే చెప్పండి. హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ వింటూ పాడటం కొత్తగా ఉంటుంది; మెట్రోనోమ్ యాప్‌తో వారం రోజులు అలవాటు చేసుకోండి. ఇక మిర్చి సీజన్‌లో గుంటూరులో ఉంటే, రికార్డింగ్ రోజు యార్డు వైపు మాత్రం వెళ్ళకండి!