బడి లెక్కలు చెప్పడమూ ఒక కొలువే

ఢిల్లీ మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కో, జేఎన్‌యూ ప్రవేశానికో చదివే మన పిల్లల్లో చాలామందికి పక్కనే ఉన్న ఒక దారి కంటపడదు. మెట్రోలో ఐఐటీ స్టేషన్‌లో దిగితే అరబిందో మార్గ్ మీద ఎన్‌సీఈఆర్‌టీ, జాతీయ విద్యా ప్రణాళిక సంస్థ ‘నీపా’ ఉంటాయి. దేశంలోని బడుల వివరాలను ఒకచోట చేర్చే ‘డైస్’ 1990ల మధ్యలో నీపాలోనే రూపుదిద్దుకుంది. 2012-13లో అది యూడైస్ అయింది. ఇప్పుడు యూడైస్ ప్లస్ పేరుతో కేంద్ర విద్యాశాఖ నడుపుతోంది.

ఈ లెక్కలను విడమరిచి చెప్పడమే ఆ దారి. ఎక్సెల్, పైథాన్ వచ్చినవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఏ లెక్కను ఎవరి ముందు ఎలా పెట్టాలో తెలిసినవాళ్లే అరుదు.

ఒక ప్రాథమిక పాఠశాలలో 14 మంది పిల్లలు, ఒకే టీచరు ఉన్నారనుకోండి. విద్యాహక్కు చట్టం 30 మందికి ఒక టీచరు అంటుంది కాబట్టి, నిష్పత్తి పట్టికలో ఆ బడి భేషుగ్గా ఉంటుంది. అదే చట్టం 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. అయిదు తరగతులకూ ఒకే సారు, ఆయన మీటింగుకు వెళ్తే బడికి తాళం! 2024-25 యూడైస్ ప్లస్ ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైనే, రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లోనే. కలెక్టరుకు కావాల్సింది మండలాల వారీగా అలాంటి బడుల జాబితా. హెడ్మాస్టరుకు తన బడి వివరం, పక్క బడులతో పోలిక. తల్లిదండ్రుల కమిటీకి తెలుగులో ఒక్క పేజీ, అందులో నిష్పత్తి ఊసే అక్కర్లేదు.

చెప్పకూడనివీ ఉంటాయి. ‘5వ తరగతి, దివ్యాంగ బాలికలు: 1’ అని వేస్తే పేరు రాయకపోయినా ఊరంతటికీ ఆ పిల్ల ఎవరో తెలుస్తుంది. అందుకే చిన్న అంకెలను దాస్తారు. ఆ ఒక్క గడినే దాచి కింద మొత్తం వదిలేస్తే, తీసివేత వచ్చిన ఎవరైనా దాన్ని పట్టేస్తారు. ఇంకో గడినీ దాచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలేనన్నదీ గుర్తుండాలి.

కొలువులు సమగ్ర శిక్ష పథకం కార్యాలయాల్లో ఉన్నాయి, మండల స్థాయి ఎంఐఎస్ (సమాచార నిర్వహణ) కోఆర్డినేటర్ల కొలువులు సహా. చాలావరకు కాంట్రాక్టువే, ఆ సంగతి ముందే తెలిసి వెళ్లండి. ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ వారి ‘అసర్’ సర్వే లాంటివి ఈ పని నేర్చుకోవడానికి మంచి బడి: పల్లెల్లో ఇంటికి వెళ్లి పిల్లాడి చేత పేరా చదివించి చూస్తారు, చాలాసార్లు అమ్మానాన్నల ఎదుటే. చదువుకు టిస్ హైదరాబాద్, అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయాల్లో ఎంఏ ఎడ్యుకేషన్, పరిశోధనకు నీపా, జేఎన్‌యూలోని జాకిర్ హుస్సేన్ కేంద్రం.

డిగ్రీ కోసం ఆగనక్కర్లేదు. యూడైస్ ప్లస్‌లో మీ మండలం బడుల వివరాలు తీసి అధికారికి, హెడ్మాస్టరుకు, తల్లిదండ్రులకు విడివిడిగా మూడు పేజీలు రాయండి. దరఖాస్తుకు వాటిని జతచేస్తూ, ఏ గడులు దాచారో, ఎందుకు దాచారో కింద రెండు ముక్కలు చేర్చండి.