పారబోస్తే విషం - పట్టుకుంటే ధనం
(వాడిన సాల్వెంట్లను మళ్లీ వాడుకోవడం గురించి)



ద్రావితం, ద్రావణి, ద్రావణం అని మనం సైన్సులో చదువుకున్నాం. మన మంగళగిరి పానకాల స్వామి పానకమే తీసుకోండి. బెల్లం ద్రావితం, నీళ్లు ద్రావణి, పానకం ద్రావణం. కానీ నూనె, జిడ్డు, కొన్ని రంగులు, చాలా మందుల ముడిసరుకులు నీళ్లలో కరగవు. వాటిని కరిగించడానికి అసిటోన్, ఆల్కహాలు, టోలీన్, హెక్సేన్ లాంటి ద్రవాలు వాడతారు. ఫ్యాక్టరీల్లో వీటినే సాల్వెంట్లు అంటారు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. సాల్వెంటు చేసే పని చాలాసార్లు మోసుకెళ్లడమే. పని అయ్యాక కూడా అది అలాగే ఉంటుంది, కాకపోతే మురికి పడుతుంది. ధాన్యం మిల్లులో దించాక బండిని ఇంటికి తోలుకొస్తాం గానీ అక్కడే పారేసి రాము కదా!

మన డెల్టాలోనే ఉదాహరణ

మా మామయ్య ఒక తవుడు నూనె ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆయన చెప్పింది, మాస్టారు చెప్పింది కలిపి రాస్తున్నాను. తవుడులో నూటికి 15 నుంచి 20 పాళ్ల దాకా నూనె ఉంటుంది. గానుగలో పిండితే అది సరిగా రాదు. అందుకని తవుడు మీద హెక్సేన్ పోస్తారు. నూనె అందులో కరిగి దిగుతుంది. దాన్ని వేడి చేస్తే హెక్సేన్ ఆవిరైపోతుంది, నూనె మిగులుతుంది. ఆ ఆవిరిని చల్లబరిచి మళ్లీ ట్యాంకులోకి పంపుతారు. తవుడుకి అంటుకున్న హెక్సేన్‌ను కూడా నీటి ఆవిరి పెట్టి లాగేస్తారు. మిగిలిన తవుడు పశువుల దాణాకి పోతుంది. అదే హెక్సేన్ మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది. తరిగినంత మాత్రం కొత్తది కలుపుతారు.

వేరు చేయడం ఎలా?

సారా బట్టీ చూడని వాళ్లు మన గూడేల్లో, తండాల్లో తక్కువ. (తాగమని చెప్పడం లేదు సార్!) కుండ కింద మంట, పైన ఆవిరి, ఆ ఆవిరికి చల్లనీళ్లు తగిలితే చుక్కలు. దీన్నే పుస్తకంలో స్వేదనం అన్నారు. ఒక్కో ద్రవం ఒక్కో వేడి దగ్గర మరుగుతుంది. అసిటోన్ 56, హెక్సేన్ 69, ఆల్కహాలు 78, నీళ్లు 100, టోలీన్ 111 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అసిటోన్, టోలీన్ కలిసిపోతే విడదీయడం తేలిక, ఎందుకంటే తేడా ఎక్కువ. ఆల్కహాలు, నీళ్లు మాత్రం ఒక హద్దు దాకానే విడిపోతాయి. బరువులో నూటికి 95.6 పాళ్లు ఆల్కహాలు అయ్యాక రెండూ కలిసే మరుగుతాయి. ఆ మిగిలిన నీటిని తీయడానికి నీటిని పీల్చే ప్రత్యేకమైన గుళికలు వాడతారు.

అడుగున మిగిలే మడ్డి దేనికీ పనికిరాదు. దాన్ని ప్రత్యేకమైన కొలిమిలో గానీ, సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో గానీ కాల్చాలి.

చిన్న లెక్క

ఒక పనికి 100 లీటర్ల సాల్వెంటు కావాలనుకుందాం. పది సార్లు పని చేసి, ప్రతిసారీ పారబోస్తే 1000 లీటర్లు కొనాలి. ప్రతిసారీ 90 లీటర్లు తిరిగి పట్టుకుంటే మొదట 100, తర్వాత తొమ్మిది సార్లు పదేసి లీటర్లు, మొత్తం 190 లీటర్లు చాలు.

పారబోస్తే ఏమవుతుంది?

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, బొల్లారంలో మందుల ఫ్యాక్టరీల మురుగు చెరువుల్లోకి, నక్కవాగులోకి చేరింది. బావినీళ్లు, పొలాలు పాడయ్యాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇప్పుడు 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన సాల్వెంటు ప్రమాదకర వ్యర్థం. ఫ్యాక్టరీ వాళ్లు మామూలుగా దాన్ని 90 రోజులకి మించి నిల్వ ఉంచకూడదు.

ఇంకో భయం నిప్పు. హెక్సేన్ ఆవిరి గాలి కంటే సుమారు మూడు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకుతుంది. దూరాన ఉన్న నిప్పురవ్వని కూడా అందుకుంటుంది. అందుకే మామయ్య లోపలికి బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోను తీసుకెళ్లడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సాల్వెంటు లీకై పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. మనలో చాలామంది ఇంటరో, ఐటీఐయో అయ్యాక ఇలాంటి ఫ్యాక్టరీల్లోనే పనికి చేరతారు. "ఆ డ్రమ్ము ఎత్తు" అంటే ఎత్తడమే కాదు, అందులో ఏముందో అడగడం కూడా మన హక్కు.

ల్యాబుల్లో

పెద్దాసుపత్రుల్లో జబ్బు గుర్తించడానికి కండ ముక్కని ఆల్కహాలులో, జైలీన్‌లో ముంచి స్లైడు చేస్తారు. ఈ రెంటినీ శుద్ధిచేసి మళ్లీ వాడే చిన్న యంత్రాలు ఉన్నాయి. అయితే ముందు విడివిడిగా పట్టాలి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే వేరు చేయలేం. క్లోరోఫాం, అసిటోన్ కలిసినచోట క్షారం తగిలితే ఒక్కసారిగా వేడెక్కి పేలవచ్చు కూడా.

మనం చేయగలిగినవి

1. మన ల్యాబులో వాడిన స్పిరిటు, అసిటోన్ సింకులో పోయొద్దు. మాస్టారికి ఇద్దాం. ఆయన చెప్పిన సీసాలో, పేరు రాసి, కొంచెం ఖాళీ ఉంచి, మూతపెట్టి, ఎండ తగలకుండా పెడదాం.
2. సాల్వెంటుని స్టవ్వు మీద మరిగించే ప్రయోగం ఎవరూ చేయొద్దు. ఫ్యాక్టరీలో అది గట్టిగా మూసిన పాత్రలో, మంట లేకుండా ఆవిరితో చేస్తారు.
3. సంతలో చవగ్గా దొరికే పాత నీలం డ్రమ్ముల్లో తాగేనీళ్లు పోయొద్దని ఇంటికెళ్లినప్పుడు చెప్పండి. వాటిలో కొన్ని ఫ్యాక్టరీల నుంచి వచ్చినవి. ప్లాస్టిక్కు సాల్వెంటుని పీల్చుకుంటుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా లోపలిది పోదు.

వార్డెన్ సార్లకు మనవి: వేసవిలో హాస్టల్‌కి నీళ్ల డ్రమ్ములు కొనేటప్పుడు దయచేసి కొత్తవే కొనండి.

- పదో తరగతి విద్యార్థి