వంకాయ కుటుంబంలో సగోత్ర నిషేధం

విదేశాలలో స్థిరపడిన తెలుగువారిలో, పెరట్లో గాని బాల్కనీలోని కుండీలో గాని ఒక్క టమాటా మొక్కనైనా పెంచనివారు అరుదు. చుట్టుప్రక్కల మరొక టమాటా మొక్క లేకపోయినా అది గుత్తులుగా కాస్తుంది. ఇందులో వింత ఏమున్నదని మనకు తోచవచ్చు. కాని ఆ టమాటాకు దాయాదులైన కొన్ని అడవి జాతులు, పెరూ, చిలీ దేశాలలో పెరిగేవి, ఒంటరిగా నాటితే ఎన్ని పూలు పూసినా కాయ కట్టవు. ఆ పూలలో పుప్పొడి ఉన్నది, అండాలు ఉన్నవి, రెండూ ఆరోగ్యంగానే ఉన్నవి. అయినా తన పుప్పొడిని ఆ మొక్క తానే తిరస్కరిస్తుంది. దీనిని వృక్షశాస్త్రంలో ఆత్మవంధ్యత్వం అంటారు.

టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, కామంచి, పెన్నేరు, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. కోస్తా జిల్లాలలో పెద్దవారు టమాటాను ‘రామములక్కాయ’ అనటంలోనే ములక జాతితో దాని చుట్టరికం తెలుస్తున్నది. సుమారు 2,700 జాతులున్న ఈ వంకాయ కుటుంబంలో కొన్ని జాతులు ఆత్మవంధ్యాలు, మరికొన్ని తమతో తామే ఫలించగలిగినవి. ఈ రెండు పద్ధతులలో ఏది లాభదాయకం అన్న ప్రశ్నకు, లెక్క ఎవరి తరఫున వేస్తున్నామన్న దానిని బట్టి సమాధానం మారుతుంది.

ఈ విషయంపై విస్తృతమైన ప్రయోగాలు మొదట చేసినవాడు చార్లెస్ డార్విన్. ఒకే మొక్క నుండి స్వపరాగ సంపర్కం ద్వారా వచ్చిన విత్తనాలను, పరపరాగ సంపర్కం ద్వారా వచ్చిన విత్తనాలను ప్రక్కప్రక్కన నాటి, పదకొండేళ్ళపాటు మొక్కల ఎత్తులు కొలిచి, 1876లో ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించాడు. ఒక కాశీరత్నం వంటి తీగను పది తరాలు పెంచగా, పరపరాగ సంతానం ఎత్తు సగటున 100 అయితే, స్వపరాగ సంతానం ఎత్తు 77 మాత్రమే అయినది. (ఆరవ తరంలో ఒక స్వపరాగ మొక్క తన ప్రత్యర్థిని అర అంగుళం మించి పెరిగితే, ఆశ్చర్యపడి దానికి ‘హీరో’ అని పేరు పెట్టాడు.)

డార్విన్‌కు ఈ పరిశోధన కేవలం తోటపని కాదు. 1839లో ఆయన పెండ్లి చేసుకున్న ఎమ్మా స్వయంగా ఆయన మేనమామ కుమార్తె. మన భాషలో చెప్పాలంటే అచ్చమైన మేనరికం. వారికి కలిగిన పదిమంది పిల్లలలో ముగ్గురు చిన్నతనంలోనే మరణించారు. 1871 ఇంగ్లాండు జనాభా లెక్కలలో దగ్గర సంబంధాల వివాహాలను గురించి ఒక ప్రశ్న చేర్పించాలని ఆయన మిత్రుల ద్వారా ప్రయత్నించగా పార్లమెంటు నిరాకరించింది. మేనరికాల చర్చ మన ఇళ్ళలోనూ జరుగుతూనే ఉంటుంది కనుక, ఇక్కడ ఒక లెక్క చెప్పుకోవటం అవసరం. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి. ఆ రెండూ ఒకే పూర్వీకుని ఒకే ప్రతి నుండి వచ్చే అవకాశం మేనత్త, మేనమామల బిడ్డలు పెండ్లాడితే వారి సంతానంలో 16లో ఒక వంతు. మేనమామ, మేనకోడలు అయితే 8లో ఒక వంతు. స్వపరాగ సంపర్కంతో పుట్టిన మొక్కలో అది ఏకంగా సగం. లోపమున్న జన్యువులు సాధారణంగా మంచి ప్రతి చాటున దాగి ఉంటాయి. రెండు ప్రతులూ ఒకటే అయినప్పుడు దాగటానికి చోటుండదు. డార్విన్ తీగలు పొట్టిగా పెరగటానికి కారణం ఇదే.

ఇక ఆత్మవంధ్యత్వం పని చేసే విధానం చూద్దాం. దీనికి గోత్రం కంటె మంచి పోలిక నాకు తోచలేదు. వంకాయ కుటుంబంలో ఇందుకొక జన్యుస్థానం ప్రత్యేకంగా ఉన్నది. ప్రతి మొక్కకూ ఒకటి కాదు, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ‘గోత్రాలు’ వస్తాయి. ఒక మొక్కవి 1, 2 అనుకుందాం. దాని పుప్పొడి రేణువులు సగం 1వ గోత్రానివి, సగం 2వ గోత్రానివి. అవి అదే మొక్క కీలాగ్రంపై పడితే మొలకెత్తి, నాళం కీలంలోకి దిగుతుంది, కాని మార్గమధ్యంలోనే ఆగిపోతుంది. కీలం స్రవించే ఒక ఎంజైము పుప్పొడి నాళంలో ప్రవేశించి, అక్కడి ఆర్.ఎన్.ఏ.ను ఛేదించటమే దానికి కారణం. 3వ గోత్రపు పుప్పొడి వస్తే? పరాయి గోత్రాల ఎంజైములను గుర్తించి నిర్మూలించే మాంసకృత్తులు పుప్పొడి తనతో తెచ్చుకుంటుంది. తన గోత్రపు ఎంజైమును మాత్రం అది ఎదుర్కొనలేదు. ఈ ఎంజైము స్వభావం పొగాకు దాయాదిలో 1980 దశకంలో బయటపడినది. 1994లో పెటూనియా, పొగాకు ప్రజాతులలో జరిపిన ప్రయోగాలు దాని పాత్రను రుజువు చేశాయి.

ఈ ఏర్పాటులో అరుదైన గోత్రానికి గిరాకీ ఎక్కువ. ఎక్కడికి పోయినా సంబంధం కుదురుతుంది. అందువల్ల గోత్రాలు అంత సులభంగా నశించవు. 1990లో వెలువడిన ఒక పరిశోధన దీనికి చక్కని నిదర్శనం. పెటూనియాలోని ఒక గోత్రపు ప్రతి, తన జాతిలోనే ఉన్న మరొక గోత్రం కంటె పొగాకులోని ఒక గోత్రానికి ఎక్కువ దగ్గరగా ఉన్నదని తేలింది. అంటే పెటూనియా, పొగాకు వేరుపడక మునుపే ఈ గోత్రాలు ఉన్నవన్నమాట. వాటి ఉమ్మడి పూర్వీకుడు ఆత్మవంధ్యమే. నేడు తమతో తాము ఫలించే జాతులు ఆ నిషేధాన్ని తరువాత కోల్పోయినవే. ఒకసారి కోల్పోయి, గోత్రాల వైవిధ్యం కరిగిపోయిన పిదప దానిని తిరిగి సంపాదించుకొన్న దాఖలాలు ఈ కుటుంబంలో కానరావు.

ఇక్కడే అసలు చిక్కు. నిషేధాన్ని తెంచుకొన్న మొక్కకు తక్షణ లాభాలు చాలా ఉన్నవి. రొనాల్డ్ ఫిషర్ 1941లో చూపిన గణితం చూడండి. పరపరాగ సంపర్కం చేసే మొక్క తన విత్తనంలో తల్లిగా ఒక వంతు, ఇతరుల విత్తనంలో తండ్రిగా ఒక వంతు, మొత్తం రెండు వంతుల జన్యువులను అందిస్తుంది. స్వపరాగ మొక్క తన విత్తనంలో తల్లీ తండ్రీ తానే కనుక రెండు వంతులు, పుప్పొడి బయటికి కూడా పోతుంది కనుక మరొకటి, వెరసి మూడు. రెండవ లాభం వలసలో ఉన్నది. ఒంటరిగా సముద్రాలు దాటి వచ్చిన విత్తనానికి జోడు ఎక్కడ దొరుకుతుంది? స్వయంగా ఫలించగలిగినదే కొత్త చోట నిలుస్తుందని హెర్బర్ట్ బేకర్ 1955లో వాదించాడు. గాలపగోస్ దీవుల అడవి టమాటాలు అటువంటివే. (ప్రవాసులమైన మనకు ఈ సూత్రం అర్థం కావటానికి వృక్షశాస్త్రం అక్కరలేదు.)

లాభం ఇంతగా ఉండి, తిరుగుదారి లేనప్పుడు, కోట్ల సంవత్సరాలలో ఆత్మవంధ్య జాతులన్నీ మాయమై ఉండవలసినది. అవి ఇంకా అన్ని ఎందుకున్నవి? స్వపరాగ సంపర్కం పరిణామంలో మూసుకుపోయిన సందు వంటిదని లెడ్యార్డ్ స్టెబిన్స్ 1957లో వ్రాశాడు. వైవిధ్యం తరిగిన జాతి, రోగాలో వాతావరణమో మారినప్పుడు తట్టుకోలేదని అతని భావన. భావన బాగానే ఉన్నది, పరీక్షించే మార్గమే చాలా కాలం దొరకలేదు.

2010లో ఎమ్మా గోల్డ్‌బర్గ్, బోరిస్ ఇగిచ్ మొదలైనవారు ‘సైన్స్’ పత్రికలో ఆ పరీక్ష ఫలితాలను ప్రకటించారు. వంకాయ కుటుంబంలోని 300కు పైగా జాతుల వంశవృక్షాన్ని తీసుకొని, కొత్త జాతులు పుట్టే వేగాన్ని, జాతులు అంతరించే వేగాన్ని రెండు వర్గాలకూ విడివిడిగా లెక్కగట్టారు. ఫలితం కొంత అనూహ్యం. స్వయంగా ఫలించే వర్గంలో కొత్త జాతులు పుట్టే వేగం తక్కువ కాదు, నిజానికి ఎక్కువ. కాని అంతరించే వేగం దానిని కూడా మించినది. దీనిని ఓటికుండగా భావించవచ్చు. కుండ ఎన్నటికీ ఎండిపోకపోవటానికి కారణం, నిషేధాన్ని కోల్పోయిన కొత్త జాతులు ప్రక్క కుండ నుండి నిత్యం వచ్చి చేరుతుండటమే. వంశవృక్షంలో ఈ జాతులు చాలావరకు చివరి రెమ్మలలో చెదురుమదురుగా కనిపిస్తాయి. పాత కొమ్మలుగా మారేవరకు బ్రతికినవి తక్కువ. మొక్కల స్థాయిలో ప్రకృతి వరణం ఒక దిక్కుకు లాగుతుండగా, జాతుల స్థాయిలో జరిగే వరణం మరొక దిక్కుకు లాగుతున్నదని వారి నిర్ణయం.

ఇటువంటి గణితాన్ని నేను వెంటనే నమ్మను, నమ్మవలసిన అవసరమూ లేదు. అంతరించిన జాతులు కళ్ళకు కనిపించవు. మిగిలిన వాటి నుండి ఊహించి లెక్కిస్తున్నాం. సంబంధమే లేని లక్షణాన్ని కూడా ఈ పద్ధతి కారణంగా చూపే ప్రమాదమున్నదని 2015లో వెలువడిన విమర్శ వ్రాసిన ఇద్దరిలో గోల్డ్‌బర్గ్ కూడా ఒకరు కావటం విశేషం. తన పనిముట్టును తానే పరీక్షకు పెట్టటం విజ్ఞానశాస్త్రంలో కూడా ప్రతిరోజూ కనిపించే సంగతి కాదు. 2019లో అదే కుటుంబంపై 29 రకాల నమూనాలతో మరల పరీక్షించగా, సంపర్క విధానం ప్రభావం నిలబడినది. దానితోబాటు ఇంకా గుర్తించని మరొక కారణం కూడా పనిచేస్తున్నదని తేలినది.

ఈ చర్చ వంటింటికి దూరమైనది కాదు. మనం తినే బంగాళాదుంపలో క్రోమోసోములు నాలుగు ప్రతులుగా ఉంటాయి. ఆ రెట్టింపులోనే దాని సగోత్ర నిషేధం సడలిపోయినది. రెండేసి ప్రతులున్న దాని దాయాదులు చాలావరకు ఆత్మవంధ్యాలు. అందువల్ల వరి, మొక్కజొన్నలలో వలె శుద్ధ వంశాలను తయారు చేసి, వాటి నుండి సంకర విత్తనం తీయటం దుంపలో సాధ్యపడలేదు. 1998లో ఒక అడవి దుంప జాతిలో నిషేధాన్ని తొలగించే జన్యువు ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత ఆ ప్రయత్నం ఊపందుకున్నది. తాళం తీయగానే దాగి ఉన్న లోపాలన్నీ బయటపడి, స్వపరాగ సంతానం నీరసించినది. వాటిని ఏరివేసి శుద్ధ వంశాల నుండి సంకర దుంప మొక్కలను చైనా శాస్త్రజ్ఞులు 2021లో చూపించారు.

అయితే రోగనిరోధక శక్తి కోసం ఎవరైనా చివరకు తిరిగి వెళ్ళవలసినది అడవి జాతుల వద్దకే. వాటిని విత్తన నిధులలో భద్రపరచటంలో గోత్రాల సంగతి మరువరాదు. స్వయంగా ఫలించే టమాటాకు ఒక కాయలోని గింజలు చాలవచ్చు. పెరూ దేశపు ఆత్మవంధ్య టమాటాకు ఆ విధంగా కుదరదు. ఒకే తల్లి నుండి తెచ్చిన గింజలలో గోత్రాలు కొద్దిగానే ఉంటాయి. అవి పెరిగి పూచినా, కొన్ని తరాలలో ఒకదానికొకటి సంబంధాలు కుదరక కాపు తగ్గిపోతుంది. అందుచేత కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఉన్న టమాటా విత్తన కేంద్రం వంటి చోట్ల ఈ జాతులను పునరుద్ధరించేటప్పుడు అనేక మొక్కలను ఒకేసారి పెంచి, వాటి పుప్పొడిని కలగలిపి, చేతితో పూవు పూవుకూ అద్దుతారు.